పొగ రాని నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ సామెతను కాస్త తిరగేసి చూస్తే? పొగ రావటంలేదు కాబట్టి ఆ నిప్పుతో ఎవరికీ నష్టం లేదనుకోవచ్చా?

ఊరి చివరి ఫ్యాక్టరీ గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చిందనుకోండి. దారినపోయేవాళ్లు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. డాబా మీద ఆరేసిన బట్టలకు మసి అంటిందని ఇల్లాళ్లు తిట్టిపోస్తారు. నలుగురూ కలిసి కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటారు. అదే గొట్టంలోంచి ఏమీ రానట్టు కనిపిస్తే... 'ఇవాళ ఫ్యాక్టరీ సెలవేమో' అనుకుని ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు.

కానీ సెలవు కాదు. లోపల బాయిలర్ మండుతూనే ఉంటుంది. సహజవాయువుతో నడిచే బాయిలర్ అయితే బూడిద ఉండదు, మసి ఉండదు. బయటికొచ్చేది నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు. వాటితోపాటే రంగూ రూపూ లేని మరో అతిథి కూడా బయల్దేరుతుంది. దాని పేరు నైట్రిక్ ఆక్సైడ్. గాలిలో కలిశాక మెల్లగా నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఈ రెంటినీ కలిపి ఇంజినీర్లు ముద్దుగా 'నాక్స్' అంటారు. దానికోసం ఎవరూ అర్జీ పెట్టరు. కంటికి కనపడని దానిమీద ఎవరు మాత్రం ఏమని రాస్తారు?

పిడుగు చేసే పని

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. ఒకే ఇంట్లో వేరుకాపురం పెట్టిన అన్నదమ్ముల్లా రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని జోలికి ఒకటి పోదు. నత్రజని పరమాణువులు జంటలు జంటలుగా, మూడేసి బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించటం మామూలు వేడికి సాధ్యం కాదు. కాబట్టే అగ్గిపుల్ల గీస్తే గాలంతా అంటుకోదు. లోకం ఇలా నిలిచి ఉందంటే ఆ పట్టు చలవే.

ఆ పట్టు విడిపించగలిగేది ఆకాశంలో పిడుగు. మెరుపు మెరిసిన దారిలో గాలి భగ్గుమని వేడెక్కినప్పుడు నత్రజని, ప్రాణవాయువు కలిసిపోతాయి. ఆ కలయికలో పుట్టిన వాయువు వాన నీటిలో కరిగి నేలకు దిగుతుంది. ఉరిమి పడిన వానకు పైరు పచ్చబడుతుందని పెద్ద రైతులు అనే మాటలో ఈ రసాయనం కొంత ఉంది. పొలానికి అది ఎరువే.

పిడుగు చేసే పనినే బాయిలర్లో మంట రాత్రీపగలూ చేస్తుంది. మంట వేడి 1300 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి నత్రజని పట్టు సడలటం మొదలవుతుంది. 1500 దాటిందంటే నాక్స్ ఎగబాకుతుంది. వేడి పది మెట్లెక్కితే ఇది వంద మెట్లెక్కే రకం. ఈ లెక్కను 1940ల్లో తేల్చినవాడు సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్డోవిచ్. తర్వాతి కాలంలో అణ్వస్త్రాల మీదా, విశ్వం పుట్టుక మీదా పనిచేసిన పెద్దమనిషి ఆయనే. ఇంజినీర్లు ఇప్పటికీ ఈ చర్యను ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇంకో దారి కూడా ఉంది. బొగ్గులో సహజంగానే నూటికి ఒకటి రెండు పాళ్ల నత్రజని ఉంటుంది. ఊకలో, చెరకు పిప్పిలో, ఫర్నేస్ ఆయిల్లో కూడా ఎంతో కొంత ఉంటుంది. ఇంధనం కాలినప్పుడు అదీ నాక్స్ అవుతుంది. దీనికి అంత వేడి కూడా అక్కర్లేదు. అంటే బొగ్గు వాడేవారికి తిప్పలు రెండు వైపుల నుంచీ. గ్యాస్ వాడేవారికి ఒక వైపు నుంచే.

మూడు 'టీ'ల చదువు

గోదావరి తీరాన ఒక నూనె శుద్ధి ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంటుగా పనిచేసిన ఒకాయన కథ చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్ దగ్గర చేరాడు. తర్వాత ఈ ఫ్యాక్టరీలో ఫర్నేస్ ఆయిల్ బాయిలర్ చూశాడు. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ పైపులో వచ్చాక గ్యాస్ బాయిలర్‌కు మారాడు. మూడు ఇంధనాలూ మింగిన అనుభవం. ఫ్యాక్టరీలో అందరికీ ఆయన 'బాబాయ్ గారు'.

ఆయనకు చదువు చెప్పిన గురువు బాయిలర్ పక్కనున్న చిన్న అద్దం కిటికీ. అందులోంచి మంటను చూసి గాలి ఎక్కువైందో తక్కువైందో చెప్పేసేవాడు. ఎర్రగా, పొగలాడుతూ ఉంటే గాలి చాలటంలేదు. కళ్లు చెదిరే తెలుపుతో విరుచుకుపడుతూ ఉంటే గాలి మరీ ఎక్కువైంది. "ఒరే అబ్బాయ్, మంట నవ్వుతున్నట్టుండాలి, ఏడుస్తున్నట్టు కాదు" అనేవాడు కింద పనిచేసే కుర్రాళ్లతో.

సర్టిఫికెట్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆయన వల్లె వేసిన పాఠం ఒకటుంది. మంట బాగా మండాలంటే మూడు 'టీ'లు ఉండాలి. టెంపరేచర్, టర్బులెన్స్, టైమ్. అంటే చాలినంత వేడి, గాలీ ఇంధనమూ సుడులు తిరిగి కలవటం, పూర్తిగా కాలటానికి తగినంత సమయం. ప్రపంచంలో ఏ బాయిలర్ పుస్తకం తెరిచినా ఈ మూడూ కనిపిస్తాయి. అబద్ధం కాదు కూడా. ఈ మూడూ కుదిరితే మసి రాదు, ఇంధనం వృథా కాదు.

చిక్కల్లా ఎక్కడంటే, నాక్స్ పుట్టటానికి కావలసినవీ సరిగ్గా ఈ మూడే. మంచి వేడి, మంచి గాలి, చాలినంత సమయం. మసిని చంపటానికి ఏ మందు వేస్తామో అదే మందు నాక్స్‌కు బలం! ముప్ఫై ఏళ్లు ఏ మంటను చూసి ఆయన గర్వపడ్డాడో, తెల్లగా బిగువుగా నిలిచిన ఆ మంటే గొట్టంలోంచి ఎక్కువ నాక్స్ పంపుతూ ఉంటుంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన చదివిన పుస్తకంలో ఆ పేజీ లేదు.

చట్టంలో మాత్రం ఉందా? మన దేశంలో బాయిలర్ల చట్టం పుట్టింది భయంలోంచి. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి ఎందరో చనిపోయారు. మరుసటి ఏడాదే బెంగాల్లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. తర్వాత దేశమంతటికీ కలిపి 1923లో బాయిలర్ల చట్టం తెచ్చారు. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. వీటన్నిటి చూపూ బాయిలర్ కడుపులోని ఆవిరి మీద, రేకు మందం మీద, సేఫ్టీ వాల్వు మీద. పేలకుండా చూడటం వాటి ధర్మం. గొట్టంలోంచి ఏం వెళుతోందన్నది వేరే శాఖ, వేరే చట్టం. ఒకే బాయిలర్‌కు ఇద్దరు అధికారులు. మధ్యలో అటెండెంటు ఒక్కడే.

అనాస పండు నుంచి పొగమంచు దాకా

కనపడని ఈ వాయువును ముందుగా పట్టుకున్నది ఒక పండ్ల శాస్త్రవేత్త అంటే నమ్మబుద్ధి కాదు. 1943 జులైలో ఒకరోజు అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని మబ్బులాంటిదేదో కమ్మేసింది. జనానికి కళ్లు మండాయి, గొంతులు గరగరలాడాయి. అసలే యుద్ధకాలం. శత్రువులు విషవాయువు వదిలారేమోనని భయపడ్డారు. తర్వాత ఊళ్లోని ఒక కృత్రిమ రబ్బరు ముడిసరుకు ఫ్యాక్టరీని అనుమానించారు. దాన్ని ఆపించారు. అయినా మబ్బు పోలేదు.

కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆరీ హాగెన్ స్మిత్ అనే ఆచార్యుడు ఉండేవాడు. పుట్టింది నెదర్లాండ్స్‌లో. అనాస పండుకు ఆ వాసన ఎలా వస్తుందో పరిశోధించటం ఆయన పని. పండు వాసన పట్టే పరికరాలతోనే ఊరి గాలిని పట్టి చూశాడు. వాహనాల నుంచి, చమురు శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే ఆవిర్లు నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి, ఎండ తగిలితే ఓజోన్ పుడుతోందని 1950ల మొదట్లో తేల్చాడు. పైన ఆకాశంలో మనకు గొడుగు పట్టే ఓజోనే, నేలమీద మన ఊపిరితిత్తులకు శత్రువు. రబ్బరు సాగదీసి ఉంచితే పగుళ్లిచ్చేది. పంటల ఆకుల మీద మచ్చలు తేలేవి. అదే హాగెన్ స్మిత్ 1968లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి తొలి అధ్యక్షుడయ్యాడు.

జపాన్‌కు ఈ పాఠం పిల్లల ద్వారా వచ్చింది. 1970 జులై 18న టోక్యోలోని సుగినామి ప్రాంతంలో ఒక పాఠశాల ఆటస్థలంలో ఉన్న విద్యార్థులు 40 మందికి పైగా కళ్లమంటలతో, ఊపిరాడక అస్వస్థులయ్యారు. ఎండలో పుట్టిన ఓజోన్ పొగమంచే కారణమన్నారు. మూడేళ్లు తిరక్కుండా 1973లో జపాన్ నైట్రోజన్ డయాక్సైడ్‌కు అప్పట్లో ఎవరూ ఊహించనంత కఠినమైన పరిమితి పెట్టింది. పరిశ్రమలు గగ్గోలు పెట్టాయి. 1978లో ఆ పరిమితిని సడలించారు కూడా. అయితే ఆ అయిదేళ్ల ఒత్తిడిలోనే అక్కడి కంపెనీలు నాక్స్‌ను విరగ్గొట్టే ఉత్ప్రేరకాల పరిజ్ఞానాన్ని సాధించేశాయి. నేడు ప్రపంచమంతా వాడేది దాన్నే.

అక్కడే ఇంత బాధ అయితే, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే మన నేల సంగతేమిటి? నైట్రోజన్ డయాక్సైడ్ నేరుగా శ్వాసనాళాలను ఒరిపిడి పెడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇది మరీ చేటు. గాలిలోని అమ్మోనియాతో కలిసి సన్నటి ధూళిగానూ మారుతుంది. మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉన్న ప్రమాణం ప్రకారం ఊళ్ల గాలిలో ఇది ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒకప్పుడు 40 అనే చెప్పేది. 2021లో దాన్ని 10కి దించేసింది.

మంటను మచ్చిక చేసుకోవటం

మరి మంట మండాలి, నాక్స్ పుట్టకూడదు. ఎలా? కట్టెల పొయ్యి మీద వండిన మన అమ్మమ్మలకు ఈ కిటుకు సగం తెలుసు. పులుసు మరుగుతున్నప్పుడు ఒక కట్టెను వెనక్కి లాగి మంట తగ్గిస్తారు. గొట్టంతో ఊదితే మంట రేగుతుందనీ, ఎక్కడ ఊదాలో ఎక్కడ ఊదకూడదో వాళ్లకు చెయ్యి తిరిగిన విద్య.

మొదటి ఉపాయం అదే. అవసరానికి మించి గాలి పంపకపోవటం. గొట్టంలో మిగిలిపోయిన ప్రాణవాయువు ఎంతుందో కొలిచి, గ్యాస్ బాయిలర్‌కు నూటికి మూడు పాళ్ల దగ్గర ఉంచితే నాక్స్ తగ్గుతుంది, గ్యాసూ కలిసొస్తుంది. కానీ మరీ బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ఇంకో విషం. ఆ సన్నటి గట్టు మీద నడవాలి.

రెండోది, గాలిని విడతలుగా వడ్డించటం. భోజనానికి కూర్చున్నవాడికి అన్నీ ఒకేసారి విస్తట్లో గుమ్మరించకుండా, ముందు పప్పన్నం, తర్వాత పులుసు, ఆఖరున పెరుగు అన్నట్టు. మంట మొదట్లో కాస్త గాలి తక్కువ చేస్తారు. అక్కడ నత్రజనికి ప్రాణవాయువు దొరక్క మళ్లీ నత్రజనిగానే ఉండిపోతుంది. పైకి వెళ్లాక మిగతా గాలి ఇస్తారు. అప్పటికి వేడి కొంత తగ్గి ఉంటుంది. 1950ల చివర్లో దక్షిణ కాలిఫోర్నియా విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో ఈ రెండంచెల పద్ధతిని ప్రయత్నించారు. నేటి 'లో నాక్స్ బర్నర్ల'లో చాలావాటికి మూలం ఇదే.

మూడోది, గొట్టంలోకి వెళ్లే వాయువులో నూటికి పది ఇరవై పాళ్లు వెనక్కి తెచ్చి మంటలో కలపటం. అందులో ప్రాణవాయువు తక్కువ. అది వేడిని పంచుకుని మంటను చల్లబరుస్తుంది. గ్యాస్ బాయిలర్లలో నాక్స్ సగానికి సగం తగ్గటానికి ఇది చాలు.

ఊక, బొగ్గు కాల్చేవారికి మరో మార్గం ఉంది. కింద నుంచి గాలి కొట్టి ఇసుకను నీళ్లలా పొర్లించి, అందులో ఇంధనం వేసి కాల్చటం. దీన్ని ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్ అంటారు. ఇందులో వేడి 800 నుంచి 900 డిగ్రీల మధ్యే ఉంటుంది. గాలిలోని నత్రజని కదలనే కదలదు. అయితే ఇంత తక్కువ వేడిలో నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు కొంత ఎక్కువగా పుడుతుంది. భూమిని వేడెక్కించే గుణం దానికి ఉంది. ఏ వరమైనా ఏదో ఒక మెలికతోనే వస్తుంది.

యూరియాకు రెండో ఉద్యోగం

మంటలో ఆపలేకపోయిన నాక్స్‌ను గొట్టం దారిలో పట్టుకునే మార్గాలూ ఉన్నాయి. దానికి కావలసిన సరుకు మన రైతుకు బాగా పరిచయమైనదే. యూరియా! లేదా అందులోంచి పుట్టే అమ్మోనియా. 850 నుంచి 1100 డిగ్రీల వేడి ఉన్నచోట దీన్ని చల్లితే అది నాక్స్‌తో కలిసి, రెండూ మామూలు నత్రజనిగా, నీటిగా విడిపోతాయి. పిడుగు విడదీసిన జంటను యూరియా మళ్లీ కలుపుతుందన్నమాట. ఇలా మూడో వంతు నుంచి సగం దాకా నాక్స్ తగ్గించవచ్చు.

వనేడియం, టైటానియం ఆక్సైడ్లతో చేసిన ఉత్ప్రేరకం మధ్యలో పెడితే 300 నుంచి 400 డిగ్రీల దగ్గరే ఈ పని జరిగిపోతుంది. నూటికి 80, 90 పాళ్ల నాక్స్ పోతుంది. జపాన్ సాధించింది ఇదే. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో బీఎస్ 6 లారీలు వచ్చాక, డ్రైవర్లు డీజిల్‌తోపాటు నీలం మూత ట్యాంకులో పోయించుకునే యూరియా నీళ్లు చేసేదీ ఇదే పని. అంటే రోడ్డు మీద లారీకి ఈ బాధ్యత వచ్చింది. రోడ్డు పక్కనున్న ఎన్నో బాయిలర్లకు ఇంకా రాలేదు.

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. ఉత్ప్రేరకం ఖరీదైనది. మన బొగ్గులో బూడిద నూటికి 35, 40 పాళ్లు. అది ఇసుక కాగితంలా ఉత్ప్రేరకాన్ని గీకేస్తుందని విద్యుత్ సంస్థల ఆందోళన. అమ్మోనియా ఎక్కువ పోస్తే మిగిలిపోయి అదే కాలుష్యమవుతుంది. ఈ ఇబ్బందులు నిజమైనవే. కాకపోతే ఇబ్బందులు నిజమైనంత మాత్రాన ఊపిరి ఆగి ఎదురుచూడదు కదా.

పాలలో నీళ్లు

గొట్టంలో నాక్స్ ఎంతుందో కొలవటంలోనూ ఒక తిరకాసు ఉంది. ఘనపు మీటరు వాయువులో ఇన్ని మిల్లీగ్రాములు అని కొలుస్తారు. మరి ఎవరైనా గొట్టంలోకి ఊరికే గాలి వదిలితే? అంకె తగ్గిపోతుంది. వాయువు తగ్గదు. పాలలో నీళ్లు కలిపి వెన్న తక్కువగా ఉందని చూపించినట్టు. కాబట్టే నిపుణులు ప్రాణవాయువు ఇంత శాతం ఉన్నప్పుడు అని లెక్కగట్టి చెబుతారు. గ్యాస్‌కు సాధారణంగా మూడు శాతం, బొగ్గుకు ఆరు శాతం. ఎత్తయిన చిమ్నీ కూడా ఒకరకంగా ఇలాంటిదే. 500 మెగావాట్ల విద్యుత్ యూనిట్లకు మన దేశంలో 275 మీటర్ల చిమ్నీ కడతారు. దానివల్ల ఊరి మీద పడేది తగ్గుతుంది. పుట్టేది తగ్గదు. మన ఊరి మీద పడనిది పొరుగూరి మీద పడుతుంది.

మన దేశంలో 2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ కేంద్రాల నాక్స్‌కు తొలిసారి హద్దులు గీసింది. 2003 చివరిలోపు కట్టిన యూనిట్లకు 600 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 2016 చివరిలోపు వచ్చినవాటికి 300, 2017 నుంచి వచ్చేవాటికి 100. గడువు రెండేళ్లన్నారు. గడువు తర్వాత గడువు జరిగింది. 2020 అక్టోబరులో ఆ మధ్య రకానికి 300 కాస్తా 450 అయింది. పారిశ్రామిక బాయిలర్ల గంధక, నత్రజని ఆక్సైడ్లకు 2018 జనవరిలో ప్రమాణాలు వచ్చాయి. అదే సమయంలో చైనా రాజధాని బీజింగ్‌లో 2017 ఏప్రిల్ నుంచి కొత్త బాయిలర్లకు 30 మిల్లీగ్రాములే పరిమితి. అక్కడ బొగ్గు మాన్పించి గ్యాస్ పెట్టించారు. పొగ పోయింది. నాక్స్ మిగిలింది. దాంతో బర్నర్లు కూడా మార్పించారు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పెద్ద గ్యాస్ బాయిలర్లు చాలావాటికి 9 పీపీఎం, అంటే సుమారు 18 మిల్లీగ్రాములు దాటకూడదు. వీలుపడదన్న మాట అక్కడా వినిపించింది. తర్వాత వీలుపడింది.

మూత వేయని డాంపర్

బాబాయ్ గారి ఫ్యాక్టరీలో పాత బాయిలర్ స్థానంలో కొత్తది వచ్చింది. దాంతోపాటు లో నాక్స్ బర్నరు, వాయువును వెనక్కి తిప్పే పైపు, దానికో డాంపర్. మంట చూడగానే ఆయన మొహం మాడిపోయింది. తెల్లటి బిగువైన మంట ఎక్కడ? ఇది పొడుగ్గా, నీరసంగా, జ్వరమొచ్చిన మనిషిలా ఊగుతోంది.

"మంట ఆరిపోయేలా ఉందేమిటండీ?" అన్నాడు బిగించటానికి వచ్చిన కుర్ర ఇంజినీరుతో.

"దాని తీరే అంతండీ. బాగా పనిచేస్తోందని లెక్క" అన్నాడతను.

ఆయనకు నమ్మకం కుదరటానికి నెలలు పట్టింది. ఇంతలో అసలు పరీక్ష ఒక రాత్రి షిఫ్టులో వచ్చింది. ప్లాంటులో ఆవిరి చాలటంలేదు. ప్రెషర్ పడిపోతోంది. ప్రొడక్షన్ ఆఫీసరు ఫోన్ చేశాడు. "బాబాయ్ గారూ, ఆ డాంపర్ మూసేయండి. ఫ్యాను మీద భారం తగ్గుతుంది, మంట పెంచుకోవచ్చు. ఈ రాత్రికే లెండి, ఎవరు చూస్తారు?"

నిజమే, ఎవరూ చూడరు. డాంపర్ మూస్తే గొట్టంలోంచి నల్లపొగ రాదు. తెల్లపొగ కూడా రాదు. తెల్లారేసరికి మళ్లీ తెరిచేస్తే సరి. రిజిస్టరులో ఒక్క అక్షరం మారదు. చెయ్యి వేయటానికి అర నిమిషం చాలు.

ఆయన చెయ్యి వేయలేదు. పెద్ద ఆదర్శమేమీ కాదు. ఆవిరి ఎందుకు చాలటంలేదన్న ప్రశ్న ఆయన్ను వేధించింది. నిన్నటిదాకా చాలింది, ఇవాళ ఎందుకు చాలదు? టార్చిలైటు పట్టుకుని ప్లాంటంతా తిరిగాడు. రెండు స్టీమ్ ట్రాపులు తెరుచుకుని ఉండిపోయి ఆవిరి వృథాగా పోతోంది. వేడి నీళ్లు బాయిలర్‌కు తిరిగి రావలసింది, కాలవలో కలుస్తోంది. చల్లటి నీళ్లు తాగుతున్న బాయిలర్ ఎంత మండినా ఏం లాభం? ఫిట్టరును లేపి వాటిని కట్టించాడు. గంటలో ప్రెషర్ నిలబడింది. డాంపర్ అలాగే ఉంది.

ఈ విద్యకు లెక్కలున్నాయి. బాయిలర్‌కు వెళ్లే నీటి వేడి ఆరు డిగ్రీలు పెరిగితే ఇంధనం సుమారు ఒక శాతం ఆదా. గొట్టంలోకి పోయే వాయువు వేడి 22 డిగ్రీలు తగ్గితే మరో శాతం. కాల్చకుండా మిగిల్చిన గ్యాస్‌లోంచి నాక్స్ అసలు పుట్టదు. దానికి ఉత్ప్రేరకం అక్కర్లేదు, యూరియా అక్కర్లేదు. అన్నిటికంటే చవకైన మందు ఇదే. చిన్న మిల్లుకూ అందుతుంది.

అయినా ఒక అటెండెంటు మంచితనం మీద ఊరి గాలిని ఆధారపెట్టటం న్యాయం కాదు. అందరూ టార్చిలైటు పట్టుకుని తిరగరు. తిరిగేవారికీ అన్ని రాత్రులూ ఒకలా ఉండవు. 1863 నాటి బాయిలర్ ఒక్క క్షణంలో పేలి చాలామంది ప్రాణాలు తీసింది కాబట్టి ఏడాది తిరక్కుండా చట్టం వచ్చింది. నాక్స్ అలా పేలదు. ఇక్కడొక పిల్లాడి దగ్గులో, అక్కడొక ముసలాయన ఆయాసంలో, ఎక్కడో ఒక చేను ఆకు మచ్చలో కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది. శవాలు ఒకేచోట పడవు కాబట్టి దాన్ని ప్రమాదమని ఎవరూ అనరు.

ప్రతి బాయిలర్ దగ్గరా ఒక లాగ్ బుక్ ఉంటుంది. గంటగంటకూ ప్రెషర్ ఎంత, నీటి మట్టం ఎంత, గొట్టం వేడి ఎంత అని అటెండెంటు రాసి సంతకం పెడతాడు. ఆ గళ్లలో రాసినదానికి ఆయన జవాబుదారీ. గడి లేనిదానికి ఎవరూ జవాబుదారీ కాదు. వాయువును కొలిచే పరికరాలు ఇప్పుడు చేతిలో పట్టేంత చిన్నవిగా దొరుకుతున్నాయి. ఆ పుస్తకంలో ఇంకొక్క గడి గీసి, పైన 'నాక్స్' అని రాస్తే చాలు. కనపడని పొగ అక్కడ అంకెగానైనా కనపడటం మొదలుపెడుతుంది.